స్టార్టర్ నొక్కగానే అర కిలోమీటరు అవతలి మోటరు ఎలా తిరుగుతుంది?

తమ్ముడూ, చదివే మిగతావాళ్ల కోసం నీ ప్రశ్నను ముందు రెండు మాటల్లో చెప్తాను. పరకాల దగ్గర మీ పొలంలో స్టార్టర్ డబ్బా ఇంటి పక్క షెడ్డులో ఉంది, బోరు అర కిలోమీటరు అవతల ఉంది. బటన్ నొక్కగానే మోటరు అందుకుంటుంది. కానీ పాలిటెక్నిక్ పుస్తకంలో మాత్రం తీగలో ఎలక్ట్రాన్లు సెకనుకు మిల్లీమీటరు కూడా కదలవని రాసి ఉంది. మీ సార్ నీళ్లు నిండిన పైపుతో పోల్చి చెప్పారు. నీ దోస్తు కరెంటు కాంతి వేగంతో పోతుందంటున్నాడు. మీ బాబాయి అల్యూమినియం సర్వీస్ వైరు తీసి రాగిది వేస్తే కరెంటు తొందరగా వస్తుందంటున్నాడు. ఇందులో ఎవరి మాట నిజమని నువ్వు అడిగావు.

సూటిగా చెప్పాలంటే, నువ్వు బటన్ నొక్కిన సంగతి ఆ అర కిలోమీటరు దాటి మోటరు దగ్గరికి చేరడానికి 2 నుంచి 3 మైక్రోసెకన్లు పడుతుంది. ఆ వేగాన్ని నిర్ణయించేది తీగలోని లోహం కాదు, తీగ చుట్టూ ఉన్న ఇన్సులేషన్. ఈ ఒక్క సంగతి మనసుకు పడితే మిగతా చిక్కులన్నీ విడిపోతాయి. నేను చాలా ఏళ్లు భూగర్భ కేబుళ్ల టెస్టింగ్‌లో పనిచేశాను. అక్కడ మా పనంతా ఈ వేగం మీదే నడిచేది, అందుకే కొంచెం పెద్దగానే రాస్తున్నాను.

ముందు పుస్తకంలో ఉన్న మాట. అది తప్పు కాదు. ఒక ఘన మీటరు రాగిలో సుమారు 8.5 × 10²⁸ స్వేచ్ఛా ఎలక్ట్రాన్లుంటాయి. ఒక్కోదాని ఆవేశం 1.6 × 10⁻¹⁹ కూలుంబులు. ఒక చదరపు మిల్లీమీటరు తీగలో 1 ఆంపియరు పోతోందంటే, లెక్క వేస్తే ఎలక్ట్రాన్లు సగటున సెకనుకు 0.07 మిల్లీమీటర్లు జరుగుతున్నాయని తేలుతుంది. మీ 5 హెచ్‌పీ మోటరు ఒక్కో ఫేజులో 8 ఆంపియర్ల దాకా తీసుకుంటుందనుకుందాం, వైరు 4 చదరపు మిల్లీమీటర్లది. అప్పుడు సెకనుకు 0.15 మిల్లీమీటర్లు, అంటే గంటకు అర మీటరు. డీసీ అయితే ఒక ఎలక్ట్రాను షెడ్డు నుంచి బోరు దాకా పోవడానికి నెల దాటుతుంది.

మన దగ్గర వచ్చేది ఏసీ కాబట్టి అది కూడా జరగదు. సెకనుకు 100 సార్లు దిక్కు మారుతుంటే ఎలక్ట్రాను కొంచెం ముందుకు పోయి మళ్లీ అంతే వెనక్కి వస్తుంది. పై లెక్క ప్రకారం దాని మొత్తం ఊగుడు మిల్లీమీటరులో వెయ్యో వంతుకు కాస్త ఎక్కువ, అంతే. స్టార్టర్ దగ్గరి ఎలక్ట్రాను ఎన్నేళ్లయినా మోటరు ముఖం చూడదు. మోటరును తిప్పేవి మోటరు చుట్టల్లో మొదటి నుంచీ ఉన్న ఎలక్ట్రాన్లే.

ఇంకో వేగం కూడా పుస్తకాల్లో కనిపిస్తుంది. రాగిలో ఎలక్ట్రాన్లు అన్ని దిక్కులా అస్తవ్యస్తంగా సెకనుకు సుమారు 1,570 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంటాయి. స్విచ్ ఆఫ్‌లో ఉన్నా తిరుగుతూనే ఉంటాయి. అన్ని దిక్కులకూ సమానంగా పోతాయి కాబట్టి మొత్తం మీద ఎటూ పోనట్టే. నీ ప్రశ్నకు దానితో పని లేదు.

ఇక మీ సార్ చెప్పిన పైపు సంగతి. మొదటి మెట్టుకు అది మంచి పోలిక. పైపు అప్పటికే నిండి ఉంటుంది కాబట్టి ఇక్కడ తోస్తే అక్కడ నీళ్లు దూకుతాయి. ఇక్కడి నీటి చుక్కే అక్కడికి పోవాల్సిన పని లేదు. నీళ్లలో ఒత్తిడి అల సెకనుకు సుమారు కిలోమీటరున్నర పోతుంది, ప్లాస్టిక్ పైపు అయితే అంతకన్నా చాలా తక్కువ. నీళ్ల నడక వేరు, ఒత్తిడి వేగం వేరు అన్న తేడాను ఈ పోలిక చక్కగా చూపిస్తుంది.

కానీ ఆ పోలికతోనే ఆగిపోతే ఒక పెద్ద పొరపాటు మనసులో పాతుకుపోతుంది. పైపులో శక్తి నీళ్ల లోపలి నుంచే పోతుంది. తీగ విషయంలో అలా కాదు. స్విచ్ వేయగానే తీగల ఉపరితలం మీద ఆవేశాలు కొద్దిగా సర్దుకుంటాయి. ఆ సర్దుబాటుతో పాటు పోయి వచ్చే రెండు తీగల మధ్యా, వాటి చుట్టూ ఉన్న జాగాలో విద్యుత్ క్షేత్రం, అయస్కాంత క్షేత్రం అలలా ముందుకు సాగుతాయి. మోటరుకు చేరే శక్తి ఆ జాగాలో నుంచే పోతుంది. దీన్ని 1884లో జాన్ హెన్రీ పాయింటింగ్ లెక్కతో సహా చూపించాడు. తీగ చేసే పని ఆ అలకు దారి చూపడం. లోహం లోపలికి క్షేత్రం దిగేది కొంచెమే, దిగినంత మేరకు తీగ వేడెక్కుతుంది. మనం నష్టం అనేది దాన్నే.

ఇది నమ్మబుద్ధి కావడం లేదంటే ఒక లెక్క చూడు. 50 హెర్ట్జ్ దగ్గర రాగి లోపలికి పోయే అల సుమారు 9 మిల్లీమీటర్ల లోతుకే బలహీనపడిపోతుంది, ఆ లోహంలో దాని వేగం సెకనుకు సుమారు 3 మీటర్లు మాత్రమే. అంటే మనిషి గబగబా నడిచినదానికన్నా కొంచెం ఎక్కువ. కరెంటు నిజంగా రాగిలో నుంచే ప్రయాణించి రావాలంటే మీ మోటరు దగ్గరికి చేరడానికి మూడు నిమిషాలు పట్టాలి. మైక్రోసెకన్లలో వస్తోందంటే అది బయటి దారిలో వస్తోందన్న మాట.

బయటి దారిలో ఏముంటే వేగం దాన్ని బట్టి ఉంటుంది. శూన్యంలో కాంతి వేగం సెకనుకు 2,99,792 కిలోమీటర్లు, అంటే మైక్రోసెకనుకు 300 మీటర్లు అనుకో. స్తంభాల మీది ఒట్టి తీగల చుట్టూ గాలే కాబట్టి అక్కడ వేగం దాదాపు అంతే. చుట్టూ పాలిథిన్ ఉంటే దాని పర్మిటివిటీ (విద్యుత్ క్షేత్రానికి ఆ పదార్థం ఎంత స్పందిస్తుందో చెప్పే అంకె) సుమారు 2.3, దాని వర్గమూలంతో భాగించాలి, కాబట్టి వేగం కాంతిలో 66 శాతానికి పడిపోతుంది. డిష్ టీవీకి వాడే ఆర్‌జి-6 కేబుల్లో గాలి బుడగలున్న నురగ ప్లాస్టిక్ వాడతారు, అందుకే అందులో 80 శాతం దాటుతుంది. పీవీసీ వైరులో సగం నుంచి అరవై శాతం దాకా ఉంటుంది. నీ దోస్తు చెప్పిన కాంతి వేగం మాట ఒట్టి తీగల లైనుకు సరిపోతుంది, మీ బోరు వైరుకు సరిపోదు.

మీ బాబాయి మాటకు వద్దాం. రాగి వేసినా అల్యూమినియం వేసినా ఇన్సులేషన్ అదే అయితే సిగ్నల్ వేగంలో చెప్పుకోదగ్గ తేడా రాదు. ఇంకో ముచ్చట కూడా ఉంది. అల్యూమినియంలో ఒక్కో పరమాణువు మూడు ఎలక్ట్రాన్లు ఇస్తుంది, ఘన మీటరుకు రాగికన్నా రెండింతలకు పైగా ఉంటాయి. అందుకే అంతే మందం తీగలో అంతే కరెంటుకు ఎలక్ట్రాన్ల నడక రాగిలో కన్నా సగానికి తగ్గిపోతుంది. అయినా మోటరు ఆలస్యంగా తిరగదు. అయితే మీ బాబాయి సలహాను పక్కన పెట్టొద్దు. అదే మందంలో అల్యూమినియం వాహకత రాగిలో 61 శాతమే. అర కిలోమీటరు దూరంలో వోల్టేజీ అంత ఎక్కువ పడిపోతుంది, మోటరు వేడెక్కుతుంది, చుట్టలు కాలుతాయి. రాగి వేయమనడానికి ఆ కారణం చాలు. వేగం కోసం కాదు.

ఇప్పుడు నువ్వు అడగని ప్రశ్న ఒకటి నేనే వేస్తాను, ఎందుకంటే విషయంలో అసలు రుచి అక్కడే ఉంది. స్విచ్ వేసిన క్షణంలో తీగ చివర ఏముందో సరఫరాకు ఎలా తెలుస్తుంది? ఓమ్ సూత్రం ప్రకారం చివర 10 ఓమ్‌ల బల్బు ఉంటే ఒక కరెంటు, 100 ఓమ్‌లది ఉంటే ఇంకో కరెంటు పోవాలి. కానీ అల ఇంకా చివరికి చేరనే లేదు కదా.

నిజంగానే దానికి తెలియదు. మొదటి క్షణంలో కరెంటును నిర్ణయించేది ఆ జత తీగల సర్జ్ ఇంపీడెన్స్ ఒక్కటే, అంటే ముందుకు పోయే అలకు ఆ తీగల జత చూపే ఓమ్‌ల విలువ. తీగల మందం, మధ్య దూరం, ఇన్సులేషన్ బట్టి అది ఉంటుంది. అది 100 ఓమ్‌లు అనుకుందాం, చివర 10 ఓమ్‌ల బల్బు, మొదట్లో 12 వోల్టుల బ్యాటరీ, తీగ నిరోధాన్ని కాసేపు లెక్కలోకి తీసుకోవద్దు. స్విచ్ వేయగానే 12ను 100తో భాగిస్తే వచ్చే 0.12 ఆంపియర్లు బయల్దేరుతాయి. బల్బు ఏదైనా సరే, అంతే. అల బల్బును చేరినప్పుడు కొంత భాగం వెనక్కి తిరుగుతుంది, బల్బులో అప్పుడు పోయేది 0.22 ఆంపియర్లు. వెనక్కి వచ్చిన అల బ్యాటరీ దగ్గర మళ్లీ తిరిగి ముందుకు పోతుంది. ఇలా పోతూ వస్తూ, ప్రతి విడతలో కొంచెం కొంచెం కలుస్తూ, చివరికి 1.2 ఆంపియర్ల దగ్గర నిలబడుతుంది. అది ఓమ్ సూత్రం చెప్పే విలువ. అర కిలోమీటరు వైరులో ఒక రాకపోకకు ఐదారు మైక్రోసెకన్లు పడితే, తొంభై శాతం కరెంటు చేరడానికి పన్నెండు రాకపోకలు, అంటే సుమారు 65 మైక్రోసెకన్లు. క్లాసులో నేర్చుకునే ఓమ్ సూత్రం ఈ రాకపోకలన్నీ సద్దుమణిగాక కనిపించే బొమ్మ.

అందుకే ఎంత వేగం అని అడిగేటప్పుడు దేనికోసం ఎదురుచూస్తున్నామో కూడా చెప్పాలి. మొదటి జాడ కోసమా, పని చేయడానికి సరిపడా కరెంటు కోసమా? మీ మోటరులో అయితే స్టార్టర్ లోపలి కాంటాక్టరు (అయస్కాంతంతో మూసుకునే స్విచ్) అతుక్కోవడానికే పదుల మిల్లీసెకన్లు పడుతుంది, రోటరు పూర్తి వేగం అందుకోవడానికి ఇంకా ఎక్కువ. ఊళ్లల్లో కరెంటు వచ్చాక ఆటో స్టార్టర్ కొన్ని సెకన్లు ఆగి మోటరును కలుపుతుంది చూడు, అది కావాలని పెట్టిన ఆలస్యం. తీగలో ప్రయాణం వీటన్నిటి ముందు లెక్కకే రాదు.

ఈ తేడా తెలియక చరిత్రలో చాలా డబ్బు, చాలా శ్రమ పోయాయి. 1834లో చార్లెస్ వీట్‌స్టోన్ గిర్రున తిరిగే అద్దంతో తీగలో విద్యుత్ వేగం కొలవబోతే కాంతి వేగంకన్నా చాలా ఎక్కువ వచ్చింది. 1857లో కిర్కాఫ్ అనే జర్మన్ శాస్త్రవేత్త నిరోధం లేని తీగలో అల కాంతి వేగంతో పోతుందని లెక్కతో తేల్చాడు. ఆ మరుసటి ఏడాదే, 1858లో, అట్లాంటిక్ అడుగున మొదటి టెలిగ్రాఫ్ కేబుల్ వేశారు. విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశం అవతలి ఒడ్డుకు చేరడానికి సుమారు 16 గంటలు పట్టింది. అల ఆలస్యంగా పోయిందని కాదు. సముద్రపు నీటికీ తీగకూ మధ్య ఉన్న ఇన్సులేషన్ పెద్ద కెపాసిటర్‌లా పనిచేస్తుంది. ఆ సన్నని తీగ నిరోధం గుండా ఆ కెపాసిటరు నిండితే తప్ప అవతల గుర్తు కనిపించదు. ఒక గుర్తు నిలబడకముందే ఇంకోటి పంపితే రెండూ కలిసిపోతాయి. తర్వాత లార్డ్ కెల్విన్‌గా పేరు పొందిన విలియం థామ్సన్ దీన్ని కేబుల్ వేయకముందే చెప్పాడు: కేబుల్ పొడవు రెండింతలైతే ఈ ఆలస్యం నాలుగింతలవుతుందని. దీనికి ఇండక్టెన్సును (కరెంటు మారుతుంటే అయస్కాంత క్షేత్రం వల్ల వచ్చే అడ్డును) కూడా చేర్చి పూర్తి సమీకరణాలు రాసినవాడు ఆలివర్ హెవిసైడ్. మీకు మూడో ఏడాదిలో వచ్చే ట్రాన్స్‌మిషన్ లైన్ పాఠమంతా ఆయన చలవే.

ఇక నా పని గురించి. హనుమకొండ లాంటి ఊళ్లో రోడ్డు కింద 11 కేవీ కేబుల్ ఎక్కడో తెగిందనుకో. రెండు కిలోమీటర్ల రోడ్డంతా తవ్వలేం. కేబుల్ ఒక చివర నుంచి చిన్న పల్స్ పంపుతాం. తెగిన చోటు నుంచి అది వెనక్కి వస్తుంది. పోయి రావడానికి పట్టిన సమయాన్ని వేగంతో గుణించి రెండుతో భాగిస్తే దూరం తెలుస్తుంది. తీగ తెగి ఉంటే పల్స్ వెళ్లినట్టే తిరిగి వస్తుంది, షార్ట్ అయి ఉంటే తలకిందులై వస్తుంది. స్క్రీన్ మీద ఆ చిన్న గీత పైకి లేచిందా కిందికి దిగిందా అని చూసే లోపం ఏ రకమో చెప్పేస్తాం.

ఎక్స్‌ఎల్‌పీఈ (ఒక రకం పాలిథిన్ ఇన్సులేషన్) కేబుల్లో వేగం మైక్రోసెకనుకు 160 నుంచి 170 మీటర్లు. ఇన్సులేషన్ ఒక్కటే లెక్కలోకి తీసుకుంటే 200 దాకా రావాలి, కానీ దానికి లోపలా బయటా ఉండే సెమీకండక్టింగ్ పొరలు అలను ఇంకా నెమ్మదింపజేస్తాయి. 160 అనుకుని 7.5 మైక్రోసెకన్లు వస్తే లోపం 600 మీటర్ల దగ్గర. వేగం విలువలో ఒక శాతం తేడా ఉంటే చాలు, ఆరు మీటర్లు అవతల తవ్వుతాం. అందుకే పుస్తకంలోని అంకెను ఎప్పుడూ నేరుగా నమ్మకూడదు. మూడు ఫేజుల్లో బాగున్న ఫేజు మీద ముందు పల్స్ పంపి, చివరి నుంచి వచ్చే జవాబును బట్టి, తెలిసిన పొడవుతో ఆ కేబుల్ సొంత వేగం కట్టుకోవాలి. ఆ తర్వాతే పాడైన ఫేజును చూడాలి. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను మొదట చెప్పేది ఇదే. ఇంకోటి, కేబుల్ పొడవూ రోడ్డు పొడవూ ఒకటి కావు. జాయింట్ల దగ్గర, రింగ్ మెయిన్ యూనిట్ల (రోడ్డు పక్కన ఉండే స్విచ్ డబ్బాల) దగ్గర లూపు వదిలి పూడుస్తారు. మిషన్ 600 మీటర్లు చూపిస్తే టేపు పట్టుకుని రోడ్డు మీద 600 కొలిస్తే లోపాన్ని దాటిపోతాం.

లోపం దగ్గర నిరోధం ఎక్కువగా ఉంటే చిన్న పల్స్‌కు అది కనిపించదు. అప్పుడు పెద్ద కెపాసిటరును వేల వోల్టులకు నింపి ఒక్కసారిగా కేబుల్లోకి వదులుతాం, లోపం దగ్గర నిప్పురవ్వ ఎగిరి నేల లోపల ధబ్బుమంటుంది. ఒక మనిషి నేల మీద మైకు పెట్టుకుంటూ దారి వెంట నడుస్తాడు. ఆ పరికరం రెండిటిని వింటుంది: కేబుల్ నుంచి వచ్చే అయస్కాంత పల్స్, మట్టిలో నుంచి వచ్చే చప్పుడు. మొదటిది వెంటనే వస్తుంది. రెండోది మట్టిని బట్టి సెకనుకు కొన్ని వందల మీటర్ల వేగంతో వస్తుంది. రెండిటి మధ్య ఎడం ఎక్కడ అన్నిటికన్నా తక్కువగా ఉంటే అక్కడ గడ్డపార వేస్తాం. ఒకదాని వేగం, ఇంకోదాని నెమ్మది రెండూ కలిసి దారి చూపిస్తాయి. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

పెద్ద దూరాలకు వస్తే, రామగుండం నుంచి వరంగల్ నూరు కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. హైటెన్షన్ లైను మీద ఆ దూరం పోవడానికి మిల్లీసెకనులో మూడో వంతు చాలు. 50 హెర్ట్జ్ అల పొడవు 6,000 కిలోమీటర్లు కాబట్టి ఆ దూరానికి వచ్చే ఫేజు తేడా సుమారు 6 డిగ్రీలే. ఇంట్లో, పొలంలో ఈ ఆలస్యాన్ని ఎవరూ పట్టించుకోకపోయినా ఏమీ కాదు. అదే నువ్వు ల్యాబులో చేసే సర్క్యూట్ బోర్డు మీద అయితే పరిస్థితి తలకిందులవుతుంది. అక్కడ సిగ్నల్ నానోసెకనుకు 15 సెంటీమీటర్ల దాకా పోతుంది, 3 గిగాహెర్ట్జ్ క్లాక్ ఒక చుట్టు తిరిగే లోపు 5 సెంటీమీటర్లు మాత్రమే దాటుతుంది. అందుకే మెమరీ చిప్‌లకు పోయే దారులన్నీ సమానంగా ఉండాలని కొన్నిటిని కావాలని వంకర్లు తిప్పి గీస్తారు. సిగ్నల్ లేవడానికి పట్టే సమయంలో ఆరో వంతుకన్నా దారి ఆలస్యం ఎక్కువైతే దాన్ని మామూలు తీగలా చూడకూడదని డిజైనర్లు ఒక అందాజా పెట్టుకుంటారు.

ఇదంతా నా మాట మీద నమ్మాల్సిన పని లేదు, మీ ల్యాబులోనే చూడొచ్చు. కేబుల్ టీవీ షాపులో 30 మీటర్ల ఆర్‌జి-6 వైరు తెచ్చుకో. చుట్టగానే ఉంచొచ్చు, కోయాక్సియల్‌లో (నడిమి తీగ చుట్టూ లోహపు తొడుగు ఉండే ఇలాంటి కేబుల్లో) క్షేత్రమంతా లోపలే ఉంటుంది కాబట్టి చుట్ట ప్రభావం పడదు. ఫంక్షన్ జనరేటర్ నుంచి 100 కిలోహెర్ట్జ్ స్క్వేర్ వేవ్ ఇచ్చి, అదే చోట టీ కనెక్టర్‌తో ఆసిల్లోస్కోప్ (సిగ్నల్‌ను తెర మీద గీసి చూపే పరికరం) తగిలించు. 100 మెగాహెర్ట్జ్‌ది అయితే బాగా కనిపిస్తుంది. అవతలి చివర ఏమీ కలపకుండా వదిలేస్తే సిగ్నల్ ఒకేసారి లేవదు. ఒక మెట్టు ఎక్కి కాసేపు ఆగి ఇంకో మెట్టు ఎక్కుతుంది. ఆ ఆగిన సమయం అల పోయి రావడానికి పట్టిన సమయం. నురగ ఇన్సులేషన్ అయితే 240 నానోసెకన్ల దగ్గర, గట్టి పాలిథిన్ అయితే 300 నానోసెకన్ల దగ్గర వస్తుంది. 60 మీటర్లను ఆ సమయంతో భాగించి వేగం నువ్వే కట్టు. తర్వాత చివర్లో 75 ఓమ్‌ల రెసిస్టర్ కలుపు, రెండో మెట్టు మాయమవుతుంది. చివరను షార్ట్ చెయ్యి, మొదటి మెట్టు ఎక్కిన సిగ్నల్ అంతే సమయానికి కిందికి పడిపోతుంది. వచ్చిన అంకెలు ఇక్కడ పెట్టు, నీ వైరు లోపల ఏ ప్లాస్టిక్ ఉందో కోయకుండానే చెప్తాను.